మూడో వరసలో ఖాళీ సీటు

మా మున్సిపాలిటీ ఆఫీసు గోడకి ఇరవై ఏళ్ళుగా ఒక కాగితం వేలాడుతూ ఉండేది. "తీరం నలభై కిలోమీటర్లు. ప్రజలు జులూలు. చెరకు, నీలగిరి తోపులు, ఆల్చిప్పలు." మా గురించి మేము లోకానికి చెప్పుకున్నది అంతే. టీ తాగుతూ ఆ కాగితం చదివినప్పుడల్లా, ఈ నాలుగు ముక్కల్లో నేనెక్కడున్నానా అని వెతుక్కునేదాన్ని. నీలగిరి తోపుల వెనకో, ఆల్చిప్పల కిందో ఉండి ఉంటాను.

ఆ ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది, మున్సిపాలిటీ పరిచయం కొత్తగా రాసి పంపమని. మా మేనేజరు జోండీ గారు అంకెల మనిషి. ఇంట్లో పిల్లల్ని కూడా పేర్లతో కాక వయసులతో పిలుస్తాడని ఆఫీసులో వేళాకోళం. ఆయన నన్ను పిలిపించాడు.

"జిబుయీలె, నీకు రెండు పనులు. శుక్రవారం శుక్రవారం పట్నం ఆస్పత్రి గేటు నుంచి మన తీరానికొచ్చే మధ్యాహ్నం టాక్సీ ఎక్కు. ఎంతమంది వస్తున్నారో రాసుకో. నాలుగు వారాలు చాలు. ఇక రెండోది, తీరంలో ముసలమ్మల దగ్గరికెళ్ళి వారసత్వం పేజీకి ఏదైనా పట్టుకురా. పొడుగ్గా వద్దు."

"రెండూ నాకేనా అండీ?"

"నువ్వెలాగూ ఊరందరి సంగతులూ అడుగుతూనే ఉంటావు కదమ్మా. అదేదో జీతానికే అడుగు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలియకపోతే నాకు తిన్నది అరగదు. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు నాకు కళ్ళు రెండే అయినా చెవులు నాలుగని చుట్టాలందరికీ చెప్పి పెట్టింది.

మొదటి శుక్రవారం పెన్సిలు, పుస్తకం పట్టుకుని టాక్సీలో వెనక వరసలో కూర్చున్నాను. సీట్లు పదిహేను. డ్రైవరు సిఖుంబుజో నాకు తెలిసిన కుర్రాడే. "నిండింది!" అని అరిచి తలుపు లాగేశాడు. నేను తలలు లెక్కపెట్టాను. పద్నాలుగు. నన్ను మర్చిపోయానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. నాతో కలిపే పద్నాలుగు.

"ఒరే సిఖుంబుజో, నిండలేదురా. ఇంకో మనిషి పడతాడు."

"నిండిందక్కా."

"నాకు లెక్కలు రావంటావా?"

"లెక్కలొచ్చు. కళ్ళే లేవు నీకు," అని బండి ముందుకు ఉరికించాడు.

మూడో వరసలో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. దాని పక్కన ఒక పెద్దాయన, అంత ఎండలోనూ నల్ల కోటు, తలమీద టోపీ, బిగుసుకుని కూర్చున్నాడు. నా పక్కన చేమదుంపల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న భారీ మనిషి ఒకావిడ మోచేత్తో నన్ను పొడిచింది.

"కోటు కింద చూడమ్మా. ఆపైన వాగుదువుగాని."

చూశాను. కోటు అంచు నుంచి పచ్చటి ఆకు, ముల్లు ఒకటి బయటికి తొంగిచూస్తున్నాయి. ముళ్లరేగు కొమ్మ. సిగ్గుతో నా నోరు నేనే మూసుకున్నాను.

ముళ్లరేగు కొమ్మ పట్టుకున్నవాడి పక్కన కూర్చున్నది ఎవరో మాలో పసిపిల్లకైనా తెలుసు. ఎక్కడో కన్నుమూసిన తన మనిషిని ఇంటికి తీసుకొస్తున్నాడన్నమాట. శవాన్ని కాదు, శవం ఎప్పుడో మట్టిలో కలిసి ఉంటుంది. ఆ మనిషినే. ప్రాణం పోయిన చోటికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, కొమ్మతో నడిపించుకు రావాలి. ఆయనకీ ఒక సీటు తీసుకోవాలి. కొమ్మ పట్టినవాడు ఇల్లు చేరేదాకా బతికున్నవాళ్ళతో ఒక్క మాటైనా అనకూడదు. పక్కనున్న ఆయనతోనే, ఇదిగో మలుపు, ఇదిగో ఏరు అని దారి చెబుతూ రావాలి. అందుకని ఆ రోజు నేను పుస్తకంలో పద్నాలుగు, టాక్సీ నిండింది అని రాసి, పక్కన చిన్న చుక్క పెట్టుకున్నాను.

రెండో శుక్రవారం అదే టాక్సీ, అదే పెద్దాయన, అదే కోటు. పక్క సీటు మళ్ళీ ఖాళీ.

ఇక నాకు కాలు నిలవలేదు. పోయిన మనిషిని ఒక్కసారే తెస్తారు. తెచ్చాక మేకని కోస్తారు, పెద్దల మూలలో కూర్చోబెడతారు, ఆయన ఇంట్లోవాడైపోతాడు. వారం వారం తేవడానికి ఆయనేమన్నా ఉప్పూ పప్పా?

"ఎవరమ్మా పోయింది?" అని చేమదుంపలావిణ్ణి గొణుగుతూ అడిగాను.

"ఏమో. ఇది ఆరో వారం. వాళ్ళింట్లో జనం ఎక్కువేమో."

"జనం ఎక్కువైతే వరసగా పోతారా?"

"పోయేవాళ్ళని నువ్వు ఆపుతావా, నేను ఆపుతానా? కందకు లేని దురద కత్తిపీటకెందుకే తల్లీ!"

నీటిగుర్రాల ఏటి వంతెన దగ్గర సిఖుంబుజో బండి ఆపి ఇంజను కట్టేశాడు. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. ఆ నిశ్శబ్దంలో పెద్దాయన కిటికీ వైపు వంగి, "ఎక్కు అన్నా. ఏరు దాటుతున్నాం," అన్నాడు. చంటిపిల్లని లేపినంత నెమ్మదిగా అన్నాడు. అర నిమిషం ఆగి బండి కదిలింది. దిగేటప్పుడు సిఖుంబుజోని గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన పేరు ఫలాఖె బియేలా అని, తీరం వైపు ఉంటాడని చెప్పాడు. కొమ్మ పట్టకముందే వంతెన దగ్గర ఆపమని చెప్పి పెట్టింది ఆయనేనట. అంతకుమించి తెలియదన్నాడు.

సోమవారం జోండీ గారు నా పుస్తకం చూసి మొహం చిట్లించాడు.

"పద్నాలుగేంటి? టాక్సీ నిండిందని నువ్వే రాశావు. నిండితే పదిహేను కదా?"

"ఒకాయన కనపడడండీ."

"కనపడనివాడు జనాభాలో ఉన్నట్టా లేనట్టా? తేల్చుకుని రా," అని పుస్తకం నా ముందుకు తోసేశాడు.

ఆ బుధవారం రెండో పని మీద తీరానికి వెళ్ళాను. ఆల్చిప్పల పని గురించి చెప్పాలంటే మాగుమేదె చెప్పాలన్నారు అందరూ. గుమేదె వంశం ఆడపడుచు, బియేలాల ఇంటి కోడలు. డెబ్భై దాటాయి, మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు రాళ్ళ మీదికి దిగడం మానేసింది గానీ, నలభై ఏళ్ళు ఆ రాళ్ళ మీదే బతికింది. గేటు బయట నిలబడి "బియేలా ఇంటివారూ!" అని పిలిచి, రమ్మనేదాకా ఆగాను. లోపల గుండ్రటి గుడిసెలో ఎడమవైపు, ఆడవాళ్ళ పక్కన, తుంగచాప వేసి కూర్చోబెట్టింది. పుల్లటి పాలు, మొక్కజొన్న పొడికూడు పెట్టింది. ఇంక మొదలుపెట్టింది, నువ్వు ఎవరింటి పిల్లవి, మీ అమ్మది ఏ వంశం, మీ అత్త బతికుందా, పిల్లలెంతమంది, రెండోవాడు ఎందుకు చిక్కిపోయాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు. ఒక గంటసేపు నేనే లోకువైపోయాను.

ఆమె మాట్లాడుతున్నంతసేపూ మధ్యమధ్యలో గుమ్మానికి ఎదురుగా, గుడిసె వెనక గోడ దగ్గర ఉన్న పెద్దల మూల వైపు తిరిగి, "విన్నావా, మున్సిపాలిటీ వాళ్ళ అమ్మాయట," అని చెబుతోంది. అక్కడ రెండు కుండలు, ఒక కర్ర ఉన్నాయి.

"పెదనాన్నగారితోనా పెద్దమ్మా?"

"మరింకెవరితో? రోజూ చెప్తాను. కోడి గుడ్డు పెట్టినా చెప్తాను. ఏం లాభం? పలకడు."

"పలకడమంటే..."

"కలలోకి రాడే అమ్మాయ్! అందరి మొగుళ్ళూ వస్తారు. పక్కింటావిడ మొగుడైతే బతికున్నప్పుడు ఏ రాత్రీ ఇంటిపట్టున లేనివాడు, ఇప్పుడు రోజూ వస్తున్నాడట, ఛస్తున్నాననుకో అంటుంది. నాకు పదకొండేళ్ళుగా ఒక్కసారైనా రాలేదు. అలిగాడు."

నేను పెన్సిలు కింద పెట్టేశాను. ఆమె తన చేతులు చూసుకుంటూ చెప్పింది. ఆయన పేరు తులెబోనా. ఆస్పత్రికి వెళ్ళిన రోజు పొద్దున స్నానానికి వేన్నీళ్ళు కాచివ్వమన్నాడట. ఆ రోజు అమావాస్య, సముద్రం బాగా లోపలికి తీసే రోజు. నెలకి రెండుసార్లే దొరుకుతాయి పెద్ద ఆల్చిప్పలు. "సముద్రం నీకోసం ఆగదు, చన్నీళ్ళే పోసుకుని పో" అని గునపం పట్టుకుని వెళ్ళిపోయింది. తిరిగొచ్చేసరికి ఆయన లేడు. ఐదో రోజు పట్నం ఆస్పత్రిలో పోయాడు.

"రోజూ బతిమాలుకుంటున్నాను. ఇంత పంతమా? బతికున్నప్పుడు ఇలాంటి మనిషి కాదు. చచ్చాక నేర్చుకున్నాడు."

నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు చూడలేకపోయాను. నేనూ, మా ఆయనా రోజుకి మూడుసార్లు పోట్లాడుకుంటాం. అందులో ఏది ఆఖరిది అవుతుందో ఎవరికి తెలుసు? నాకు భయం వేసింది.

అప్పుడే గుమ్మంలోంచి వంగి ఒకాయన లోపలికొచ్చి, కుడివైపు, మగవాళ్ళ పక్కన కూర్చున్నాడు. మాగుమేదె లేచి అలమరలోంచి నీలం అంచు కంచం తీసింది. "మా మరిది ఫలాఖె. పెళ్ళి పెటాకులు లేవు. నా వంటకి పేర్లు పెడుతూనే రోజూ తింటాడు," అంది. టాక్సీ పెద్దాయనే. నన్ను చూసి, తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు.

ఇంటికెళ్ళే దారంతా నా బుర్ర తిరిగింది. వంతెన దగ్గర పిలిచింది అన్నని. ఈమె మొగుడే ఆ అన్న. ఆయన పదకొండేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాడని ఈమె అనుకుంటోంది. మరి ఈయన వారం వారం తెస్తున్నది ఎవర్ని?

మూడో శుక్రవారం కావాలనే ఆయన పక్కన, వరసలో మిగిలిన మూడో సీట్లో కూర్చున్నాను. అటు ఖాళీ సీటు, మధ్యలో ఆయన, ఇటు నేను. కొమ్మ పట్టినవాణ్ణి కదపకూడదని నాకు తెలుసు. జవాబు చెప్పడనీ తెలుసు. జవాబు అక్కర్లేదు, మొహం చూస్తే చాలనుకున్నాను. వంతెన ఇంకో మలుపు ఉందనగా ఆయన చెవి దగ్గరికి వంగాను.

"బాబాయ్, మాగుమేదె పెద్దమ్మకి తెలుసా ఇది?"

"ఆమెకి చెప్పకు!" అన్నాడు.

అన్న మరుక్షణం చేత్తో నోరు మూసుకున్నాడు. టాక్సీలో అందరూ విన్నారు. చేమదుంపలావిడ "అయ్యో!" అంది. నా వైపు చూసిన ఆ చూపులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. సిఖుంబుజో వంతెన దగ్గర బండి ఆపాడు. పెద్దాయన కొమ్మతో దిగిపోయాడు. నేనూ దిగాను. దిగకపోతే వాళ్ళే దింపేసేవాళ్ళు.

ఆయన వంతెన గోడ మీద కూర్చుని ఏటిలోకి చూశాడు. కింద రెల్లులో ఒక నీటిగుర్రం చెవులు మాత్రం పైకి పెట్టి ఉంది.

"నీ దుంపతెగా," అన్నాడు. "మళ్ళీ దింపేశావు కదే మా అన్నని."

"మళ్ళీ అంటే?"

"పదకొండేళ్ళ కిందట కూడా ఇక్కడే. అప్పుడు బండి నిండా ఊరుగాని ఊరోళ్ళు. ఎవరికీ ఎవరూ తెలీదు. ఇక్కడ ఒకావిడ ఎక్కింది, కోళ్ళబుట్టతో. తిన్నగా వచ్చి అన్న సీట్లో బుట్ట పెట్టేసింది. మా అన్న ఒళ్ళో కోళ్ళబుట్టేంటి? 'తియ్! మా అన్నున్నాడక్కడ, కళ్ళు లేవా' అని అరిచేశాను. అరిచాక తెలిసింది నోరు విప్పానని."

"ఆవిడ తీసిందా?"

"తీసింది. హడలిపోయి బుట్టతో సహా దిగిపోయింది. అన్నా దిగిపోయాడు. నాకు తెలిసింది. పక్కన మనిషి లేడని తెలీదూ? మా అన్నకి తగువంటే పడదమ్మా. చిన్నప్పుడు మా అమ్మా నాన్నా అరుచుకుంటే పశువుల దొడ్లోకి పోయి కూచునేవాడు."

"మరి ఇంటికెళ్ళి ఏం చెప్పారు?"

"వచ్చాడని చెప్పాను." ఆయన కొమ్మని ఒళ్ళో అటూ ఇటూ తిప్పాడు. "అందరూ గేటు దగ్గర నిలబడున్నారు. వదిన నల్లబట్టల్లో ఉంది. ఏ మొహంతో చెప్పను? కొమ్మ మేక ముందు పెట్టారు. అది ఆకు తింటే మనిషి వచ్చినట్టు. మేక మూతి తిప్పుకుంది. ఎవరూ చూడకుండా ఆకు దూసి నేనే దాని నోట్లో కుక్కాను. తినేసిందని చెప్పాను. పదకొండేళ్ళు మాట్లాడలేదు దీని గురించి. రెణ్ణెల్ల కిందట కంచంలో పెడుతూ వదినంది, మీ అన్న నన్నింకా క్షమించలేదు ఫలాఖె, ఒక్కసారైనా కలలోకి రాలేదు అని. ముద్ద గొంతుకడ్డం పడింది. ఆయన ఇంటికొస్తే గదా కలలోకి రావడానికి!"

"అందుకని వారం వారం..."

"ఆస్పత్రికి తిరిగెళ్ళిపోయాడో, ఈ వంతెన మీదే ఉండిపోయాడో తెలీదు. అందుకే రెండు చోట్లా పిలుస్తున్నా."

"తీసుకెళ్ళి ఏం చేస్తున్నారు?"

"కొమ్మని నా చాప కింద పెడుతున్నా."

"మేక?"

"లేదు."

"ఇంట్లో చెప్పారా?"

"చెప్తే, మొదటిసారి తెచ్చినవాడేమయ్యాడని అడగరూ?"

నాకు ఒళ్ళు మండింది. "బాబాయ్, ఇంటిపెద్దని దొంగచాటుగా చాప కింద దాస్తారా? ఆయనేమన్నా పొరుగింటి కోడా? ఇంట్లో ఎవరికీ తెలీకుండా తెస్తే ఆయన ఎవరింటికొచ్చినట్టు? పెద్దమ్మ అక్కడ ఖాళీ గోడకి దణ్ణాలు పెడుతోంది!"

"తెలుసు."

"తెలిసీ?"

"చెప్తే ఆ గుమ్మం నాకు లేదమ్మా. నాకున్నది ఆ ఒక్క కంచమే," అన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి నా ముందు మొహం దాచుకున్నాడు.

నాకు కోపం దిగిపోయింది. తప్పులో నాకూ వాటా ఉంది. ఆయన ఒకసారి అన్నకోసం నోరు జారాడు, నేను ఊరికే తెలుసుకుందామని జారాను. "పదండి, నేనూ వస్తాను. తిడితే ఇద్దర్నీ తిడుతుంది," అన్నాను. ఆరు కిలోమీటర్లు నడిచాం. చెరకు లారీలు దుమ్ము రేపుకుంటూ పోయాయి. దారిలో నేను ఒక్క ప్రశ్న అడగలేదు. నా జన్మలో అదే మొదటిసారి.

మాగుమేదె గుడిసెలో చేమదుంపలు ఒలుస్తోంది. ఫలాఖె కుడివైపు కూర్చోలేదు. గుమ్మం దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుని, కొమ్మని నేల మీద పెట్టి చెప్పాడు. కోళ్ళబుట్ట దగ్గర మొదలుపెట్టి, మేక నోట్లో ఆకు కుక్కినదాకా ఏదీ దాచలేదు. ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. చెప్పడం అయిపోయాక ఆమె పెద్దల మూల వైపు తిరిగింది.

"మరి నేనిన్నేళ్ళూ మాట్లాడింది ఎవరితో?" అంది.



"వేన్నీళ్ళు ఇవ్వలేదని ఏడ్చింది ఎవరి ముందు? ఆ కుండల ముందా?" ఏదో కొత్తగా తట్టినట్టు మరిది మొహంలోకి చూసింది. "ఫలాఖె. అంటే... ఆయన నామీద అలగలేదన్నమాట."

"లేదు వదినా. ఆయన అసలు ఇంటికే రాలేదు."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పదకొండేళ్ళ బరువు దిగినందుకో, పదకొండేళ్ళు వృథాగా పోయినందుకో నాకు తెలియదు. రెండూ అయి ఉంటాయి. తరువాత లేచి, అలమరలోంచి నీలం అంచు కంచం తీసి బోర్లించింది.

"శుక్రవారం దాకా ఈ గుమ్మం తొక్కకు. ఎండలో, వానలో, ఏటి గట్టున నిలబెడతావా మనిషిని? శుక్రవారం కొత్త కొమ్మ కోసుకుని రా. నేనూ వస్తాను. ఈసారి నోరు విప్పావంటే పళ్ళు రాలగొడతా." నా వైపు తిరిగింది. "నువ్వూ రావే అమ్మాయ్. రాకుండా ఎలాగూ ఉండలేవు. వచ్చేముందు నోట్లో ఒక చేమదుంప కుక్కుకో."

ఆ వారం ఫలాఖె తన గుడిసెలో తనే వండుకుని, మాడ్చుకుని తిన్నాడని విన్నాను. బియేలాల పెద్దకి కబురు వెళ్ళింది, మేక కుదిరింది. నేను నాలుగో వారం దాకా ఆగకుండా జోండీ గారికి లెక్క ఇచ్చేశాను. పదిహేను అని రాశాను. ఆయన సంతోషించాడు, ఎందుకని అడగలేదు. ఇలాంటి మనిషికి నిద్రెలా పడుతుందో నాకు అర్థం కాదు.

నాలుగో శుక్రవారం ఆస్పత్రి గేటు దగ్గర ఫలాఖె టోపీ తీసి, కొమ్మ ఎత్తి, వంశం పేర్లన్నీ చెప్పి, "తులెబోనా, ఇంటికి పోదాం రా. ఇంట్లో అందరికీ తెలుసు ఈసారి," అన్నాడు. మూడో వరసలో కిటికీ పక్క ఆయన, ఈ పక్క ఫలాఖె. వెనక వరసలో నేనూ మాగుమేదె. ఆమె బండి ఎక్కినప్పటినుంచీ ముందున్న ఖాళీ సీటు వీపు పట్టుకునే ఉంది. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఊరంతటికీ తెలిసిపోయింది. నేను చెప్పలేదు. సిఖుంబుజో చెప్పాడు.

వంతెన దగ్గర బండి ఆగింది. "అన్నా, ఇక్కడ దిగి ఉంటే ఎక్కు," అన్నాడు ఫలాఖె. అంతలో తలుపు బర్రున తెరుచుకుని, రంగు డబ్బా పట్టుకున్న ఒక కొత్త మనిషి లోపలికి దూరాడు. ఆ చుట్టుపక్కలెక్కడో పని ముగించుకుని వస్తున్నట్టున్నాడు. ఖాళీ సీటు చూసి, తిన్నగా అటే వచ్చి, డబ్బా సీటు మీద పెట్టబోయాడు.

ఫలాఖె మెడ నరాలు పొంగాయి. పెదాలు కొరుక్కున్నాడు, గడ్డం మీదకి రక్తం వచ్చింది. చెయ్యి చాచి సీటు మీద అడ్డం పెట్టాడు గానీ నోరు మాత్రం విప్పలేదు. కొత్త మనిషి "జరుగు పెద్దాయనా" అన్నాడు. ఫలాఖె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అక్కడ మనిషున్నాడు!"

ఎవరు ముందన్నారో తెలియదు. చేమదుంపలావిడ, సిఖుంబుజో, ముందు సీట్లో టీచరమ్మ, నేను, బండి బండంతా ఒక్కసారే అరిచాం. మాకు అడ్డేముంది? నోరు కట్టుకోవాల్సింది కొమ్మ పట్టినవాడే. కొత్త మనిషి అదిరిపడి, కొమ్మ చూసి, టోపీ తీశాడు. ఖాళీ సీటు వైపు వంగి, "మన్నించండి పెద్దాయనా," అన్నాడు. తన ఊరు వచ్చేదాకా తలుపు పక్కన గొంతుక్కూర్చున్నాడు. బండి ఏరు దాటింది.

ఇంటి దగ్గర బియేలాల పెద్ద పెద్దల్ని పిలిచేటప్పుడు కాల్చే ఇంపేఫో ఆకు పొగ వేసి, వచ్చినవాడి పేరు పిలిచాడు. గోధుమరంగు మేక ముందు కొమ్మ పెట్టారు. ఫలాఖె చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మేక వాసన చూసింది. ముల్లు తప్పించి ఒక ఆకు లాగింది. తరువాత ఇంకోటి. చూస్తూండగా కొమ్మ సగం బోడిదైపోయింది.

మాగుమేదె అందర్నీ బయటికి పొమ్మని గుడిసెలోకి వెళ్ళి తడిక వేసుకుంది. మేము దొడ్డి గోడ దగ్గర కూర్చున్నాం. లోపల ఏడుస్తుందనుకున్నాను. బతిమాలుకుంటుందనుకున్నాను. కాసేపటికి గొంతు వినిపించింది. తిడుతోంది.

"పదకొండేళ్ళు వంతెన మీద ఏం చేశావు? చేపలు పట్టావా? తమ్ముడు ఒక్క కేక వేస్తే దిగిపోతావా? నీకు ఇల్లు లేదూ? గాలివానకి కప్పు లేచిపోతే తాడు పట్టుకు వేలాడింది ఎవరనుకున్నావు? నేను! నా మోకాళ్ళు చూడు, ఎలా ఉన్నాయో చూడు! వేన్నీళ్ళు ఇవ్వలేదు. నిజమే, ఇవ్వలేదు. ఇచ్చి ఉండాల్సింది. కానీ నువ్వెందుకు చెప్పలేదు అంత బాలేదని? నోరు లేదూ నీకు? చెప్పుంటే సముద్రాన్నే ఆగమనేదాన్ని కదా!"

లేడని తెలియకుండానే లేనివాణ్ణి పదకొండేళ్ళు బతిమాలింది. వచ్చాక మొగుణ్ణి మొగుడిలా దులిపేస్తోంది. పక్కింటివాళ్ళు గేట్ల దగ్గర నిలబడి వింటున్నారు. ఎవరికీ నవ్వు రాలేదు, ఎవరూ కదల్లేదు.

"ఇంక నీ తమ్ముడి సంగతి విను," అంది లోపలి గొంతు.

ఫలాఖె నెమ్మదిగా లేచి గేటు వైపు నాలుగు అడుగులు వేశాడు. తడిక తెరుచుకుంది.

"ఫలాఖె! ఎక్కడికి పోతున్నావు? లోపలికి రా. నీ మీద చెప్తున్నాను మీ అన్నకి. నువ్వే పక్కన కూచుని విను. ఎక్కడన్నా అబద్ధమాడితే దిద్దు."

ఫలాఖె టోపీ చేతిలోకి తీసుకుని, గుమ్మంలో వంగి లోపలికి వెళ్ళాడు. తడిక మూసుకుంది. నన్నెవరూ పిలవలేదు.